సీ షిఫ్ట్ చేసేవాడికి కండ పెరగదా? కోచ్ మాట ఎంతవరకు నిజం

గాజువాక_గుంటడు
ఐదు నెలలుగా నా బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని రొమ్ము మీంచి ఎత్తే బరువు) 60 కిలోల దగ్గర కూర్చుంది, లేవట్లేదు. ఒంటి బరువు 68. తిండిలో లోపం లేదు. పొద్దున 4 గుడ్లు, మధ్యాహ్నం చికెనో చేపో, రాత్రి పెరుగు, సోయా, ఒక స్కూప్ వే ప్రోటీన్ పొడి. లెక్కేస్తే రోజుకి 110 గ్రాముల ప్రోటీన్ దాకా వస్తోంది. వారానికి 4 రోజులు జిమ్‌కి వెళ్తున్నా, మానింది లేదు. ఉద్యోగమే షిఫ్టుల్లో. ఏ అంటే తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా, బీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, సీ రాత్రంతా. వారానికొకటి తిరుగుతాయి. ఫ్యాక్టరీ పేరెందుకులెండి, మన ఊళ్లో చిమ్నీలకి కొదవా.

నిన్న కోచ్ అందరి ముందూ అనేశాడు, "సీ షిఫ్ట్ చేసినన్నాళ్లూ నీ ఒంటికి కండ పట్టదు బాబూ, డబ్బులు దండగ" అని. ఆ వెంటనే నిద్రకి మంచిదంటూ 2,800 రూపాయల డబ్బా ఒకటి చూపించాడు. ఉద్యోగం మానలేను, ఈఎంఐలున్నాయి. నిద్రకీ కండకీ నిజంగా అంత లింకుందా, లేక డబ్బా అమ్ముకోడానికి చెప్పాడా?

ముంతమసాలా
రెండూ నిజమే గురూ. లింకూ ఉంది, డబ్బా కూడా అమ్ముడుపోవాలి.

కళాసీ_మనవడు
ఇదంతా ఈ కాలపు సోకు. మా తాత పోర్టులో కళాసీ. ఓడ రాత్రొస్తే రాత్రి పని, పగలొస్తే పగలు పని. బస్తాలు మోసి మోసి ఆ భుజాలకి చొక్కా గుండీ పట్టేది కాదు. ఎనిమిది గంటలు పడుకోవాలి, చీకటి గది ఉండాలి అని ఆయనకెవరు చెప్పారు? వే లేదు, క్రియేటిన్ లేదు. గంజి, ఎండు చేప, అంతే.

లెక్కల_మాస్టారు
కళాసీ, ఓడ లేని రోజు మీ తాతగారు ఏం చేసేవారు?

కళాసీ_మనవడు
అరుగు మీద పడి నిద్రపోయేవాడు. మధ్యాహ్నం మొదలెడితే దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు.

సరేలే మాస్టారూ, దొరికిపోయాను.

ముంతమసాలా
సాక్షి ఎదురు తిరిగాడు. కేసు కొట్టేశారు.

బీచ్‌రోడ్_బావ
నా అనుభవం వేరు. తెల్లారి 4:15కి లేస్తాను. బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే టైముకల్లా పరుగులో ఉంటాను. తర్వాత జిమ్, తొమ్మిదికి ఆఫీసు. రాత్రి 11:30 లోపు పక్కెక్కింది లేదు. మూడేళ్లుగా ఇదే వరస. 5 గంటలు చాలు, మిగతాదంతా బద్ధకం.

రుషికొండ_కోడర్
బావా, మంగళవారం మీటింగులో కెమెరా ఆపేసి మైకు ఆపడం మర్చిపోయింది ఎవరు? క్లయింటు "ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నట్టుంది" అన్నాడు.

బీచ్‌రోడ్_బావ
అది ఫ్యాను చప్పుడు.

ఎంవీపీ_ఫిజియో
గుంటడు, మీ కోచ్ మాటలో సగం నిజం ఉంది. 2021లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. 13 మంది కుర్రవాళ్లనీ అమ్మాయిల్నీ ఒక రాత్రంతా పడుకోనివ్వకుండా కూర్చోబెట్టి, మర్నాడు వాళ్ల కండలో కొత్త ప్రోటీన్ ఎంత తయారవుతోందో కొలిచారు. హాయిగా నిద్రపోయినప్పటి కంటే 18 శాతం తగ్గింది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ 21 శాతం పెరిగింది, కండకి తోడ్పడే హార్మోన్ టెస్టోస్టెరాన్ 24 శాతం పడిపోయింది. ఒక్క రాత్రికే ఇంత.

అంతకు పదేళ్ల ముందు, 2011లో, అమెరికాలో 10 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని ఒక వారం పాటు రాత్రికి 5 గంటలే పడుకోనిచ్చారు. పగటి పూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. కాబట్టి లింకుందా అంటే ఉంది. కండ అసలు పట్టదా అంటే, అలా ఎవరూ తేల్చలేదు.

లెక్కల_మాస్టారు
ఫిజియోగారూ, మొదటి పరీక్షలో వాళ్లు రాత్రంతా మేలుకున్నారు. మన గుంటడు రాత్రి మేలుకుని పగలు పడుకుంటున్నాడు. రెండూ ఒకటెలా అవుతాయి? పైగా వాళ్లు బరువులెత్తారా?

ఎంవీపీ_ఫిజియో
ఎత్తలేదు. మంచి ప్రశ్నే. దానికి జవాబు దగ్గరగా ఉన్నది ఇంకొకటుంది, 2020లోది, అదీ ఆస్ట్రేలియాదే. 24 మంది మగవాళ్లు, 5 రాత్రులు. కొందర్ని మామూలుగా పడుకోనిచ్చారు, కొందరికి 4 గంటలే ఇచ్చారు, ఇంకొందరికి 4 గంటలే ఇచ్చి మధ్యలో మూడుసార్లు సైకిల్ మీద గట్టిగా తొక్కించారు. 4 గంటలు పడుకుని ఊరికే కూర్చున్నవాళ్లకి కండలో ప్రోటీన్ తయారీ తగ్గింది. తొక్కినవాళ్లకి తగ్గలేదు.

పిల్లతల్లి_డంబెల్
ఈ ముక్క మా జిమ్ గోడ మీద రాయాలి. మా బాబుకి 9 నెలలు. నేను ఏకబిగిన మూడు గంటలు పడుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. "నిద్ర లేకపోతే జిమ్ దండగ" అని ప్రతి వీడియోలోనూ చెప్తుంటే ఏడుపొచ్చేది. అయినా మానలేదు. వారానికి మూడు రోజులు, అరగంట, సెట్లు సగానికి తగ్గించాను. డెడ్‌లిఫ్ట్ 40 నుంచి 55కి వచ్చింది. కొత్తగా మొదలెట్టాను కాబట్టి ఆ మాత్రం వస్తుందని మా ఆయన అంటాడు. ఆయన 20 కిలోల బియ్యం బస్తా లిఫ్టులో తెస్తాడు.

ముంతమసాలా
లిఫ్టులో తేవడం కూడా లిఫ్టింగే కదమ్మా.

గ్రోత్_గణ
అసలు పాయింటు అందరూ వదిలేశారు. పడుకున్న మొదటి గంటా గంటన్నరలో గాఢనిద్ర వస్తుంది. గ్రోత్ హార్మోన్ అప్పుడే పెద్ద మోతాదులో ఊరుతుంది. కండ కట్టేది అదే. నిద్ర పోతే హార్మోన్ పోయింది, హార్మోన్ పోతే కండ పోయింది. సింపుల్.

ఎంవీపీ_ఫిజియో
గణా, ఊరే టైము సరిగ్గానే చెప్పారు. "కండ కట్టేది అదే" అన్నదే తప్పు. పెద్దవాళ్లలో ఆ హార్మోన్ కండని అతికించే కొల్లాజెన్‌కీ, స్నాయువులకీ పనికొస్తుంది గానీ కండ నార లావెక్కడానికి పెద్దగా సాయపడదు. బరువు ఎత్తడం, ప్రోటీన్ తినడం, ఈ రెండే అసలు సరుకు. నిద్ర కూలీల్లాంటిది. ఇటుకలూ సిమెంటూ దింపి కూలీల్ని పిలవకపోతే గోడ లేవదు, నిజమే. కూలీలొచ్చి ఇటుకలు లేకపోయినా లేవదు.

గ్రోత్_గణ
మరి ఇంజెక్షన్లు ఎందుకు వేసుకుంటున్నారండీ జనం?

ఎంవీపీ_ఫిజియో
జనం చేసేవన్నీ పనిచేస్తాయని చేస్తారా? ఆ మాట ఎత్తకండి ఇక్కడ.

రుషికొండ_కోడర్
నాకు తగిలిన దెబ్బ చెప్తా. పోయినేడాది కటింగ్ చేశాను, అంటే కొవ్వు కరగడానికి తిండి తగ్గించాను. అదే టైములో ప్రాజెక్ట్ రిలీజు, రెండు నెలలు ఐదేసి గంటలే నిద్ర. 6 కిలోలు తగ్గాను. కాటా చూసి పండగ చేసుకున్నా. అద్దంలో చూస్తే పొట్ట అలాగే ఉంది, చేతులు మాత్రం ఎండిన మునక్కాడల్లా అయ్యాయి. స్క్వాట్ 90 నుంచి 70కి పడింది. రాత్రి రెండింటికి బిస్కెట్ ప్యాకెట్ ఎవరో తినేసేవారు, పొద్దున చూస్తే నా మంచం మీదే పొట్లం.

ఎంవీపీ_ఫిజియో
అచ్చం ఇదే 2010లో షికాగోలో కొలిచారు. బరువెక్కువున్న 10 మంది, ఒకే రకం తక్కువ తిండి, రెండేసి వారాలు. ఒకసారి పక్క మీద 8.5 గంటలు, ఇంకోసారి 5.5 గంటలు. రెండుసార్లూ తగ్గిన బరువు ఒకటే, సుమారు 3 కిలోలు. ఎక్కువ పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. తక్కువ పడుకున్నప్పుడు 0.6 కిలోలే, మిగతాదంతా కొవ్వు కానిది. అందులో నీరూ ఉంటుంది, మొత్తం కండే అనుకోకండి. అయినా కాటా మీద రెండూ ఒకేలా కనపడతాయి, అదీ మోసం.

రుషికొండ_కోడర్
ఈ మాట పోయినేడాది చెప్పి ఉంటే ఆ బిస్కెట్లు మధ్యాహ్నమే తినేవాణ్ణి.

పాత_పహిల్వాన్
నాకు 54. కుర్రప్పుడు కోడి రామ్మూర్తి నాయుడిగారి కతలు ఇని కసరత్తు మొదలెట్టినోణ్ణి. నిద్ర గంటలు లెక్కెడతన్నారు గానీ ఆ నిద్ర నాణ్యమేటో ఎవులూ అడగట్లేదు. నేను రాత్రి తొమ్మిదింటికి పడుకుని ఆరుకి లేచీవోణ్ణి. తొమ్మిది గంటలు. అయినా పొద్దున్న లేచీసరికి ఒళ్లు మూటగట్టినట్టుండీది. జిమ్ముకెల్తే రెండో సెట్టుకే ఊపిరి అందీది కాదు. వయసైపోనాదని సరిపెట్టుకున్నా.

మా ఆవిడ సెప్పీది, "నీ గురక మధ్యలో ఆగిపోతంది, నాకు బయ్యమేస్తంది" అని. నమ్మనేదు. ఒకనాడు ఫోనులో రికార్డు చేసి ఇనిపించింది. గుర్రు గుర్రు గుర్రు, తర్వాత సప్పుడు నేదు. పది, పదిహేను లెక్కెట్టాను. అప్పుడు ఎవులో పీక నొక్కి వదిలినట్టు ఒక్క ఎగశ్వాస. నా గొంతే. ఒళ్లు జలదరించింది. డాట్రుకాడికెల్తే నిద్రలో ఊపిరాగే జబ్బన్నారు. ఇప్పుడు ముక్కుకి మాస్కు ఎట్టుకుని మిషనుతో పడుకుంటన్నా. మా మనవడు ఏనుగని పిలుస్తాడు. ఆడికేటి తెలుసు, ఇరవయ్యేళ్ల తర్వాత పొద్దున్నే ఆకలేస్తోంది నాకు.

పిల్లతల్లి_డంబెల్
బాబాయ్, మీ ఆవిడకి దండం పెట్టాలి.

పాత_పహిల్వాన్
రోజూ పెడతన్నానమ్మా. మిషను ఉతికీది ఆవిడే.

లెక్కల_మాస్టారు
గుంటడు, ఇన్ని మాటలెందుకు. ఒక నోటుబుక్కు తీసుకో. మూడు వారాలు, మూడు షిఫ్టులూ, పడుకున్న టైము, లేచిన టైము రాయి. పక్కెక్కిన టైము కాదు, నిద్ర పట్టిన టైము. తర్వాత మాట్లాడుకుందాం. లెక్క లేకుండా తీర్పు చెప్పడానికి ఇది రచ్చబండ కాదు.

ముంతమసాలా
కాదా? నేను తప్పు చోటికొచ్చినట్టున్నాను.

గాజువాక_గుంటడు
మూడు వారాలయింది. రాశాను. మాస్టారూ, నాకే మతి పోయింది.

సీ షిఫ్ట్: పొద్దున 6:45కి ఇంటికొస్తా. స్నానం, ఇడ్లీ, 8కి పడక. 9కి వీధిలో "చేపలో" అని కేక, మెలకువ. 10కి పక్కింటి మోటారు. ఒంటిగంటకి కిటికీలోంచి ఎండ మొహం మీదకి. ముక్కలు ముక్కలుగా 5 గంటలు. సాయంత్రం మళ్లీ గంటన్నర. మొత్తం ఆరున్నర.

బీ షిఫ్ట్: రాత్రి పదిన్నర దాటాక ఇల్లు. ఒంటిగంటకి పడుకుని ఎనిమిదిన్నరకి లేస్తా. ఏడున్నర.

ఏ షిఫ్ట్: 4:15కి అలారం. సాయంత్రం 7 నుంచి 8:30 జిమ్. పదిన్నరకి పక్కెక్కుతా, 12 దాకా ఫ్యాను చూస్తూ పడుకుంటా. నాలుగుంపావు గంటలు. ఒకరోజైతే మూడున్నర.

నేను సీ షిఫ్టే దయ్యం అనుకుంటున్నా ఇన్నాళ్లూ. అసలు దయ్యం ఏ షిఫ్ట్.

కళాసీ_మనవడు
ఏ షిఫ్ట్‌కి మధ్యాహ్నమే ఇంటికొచ్చేస్తావుగా, అప్పుడు పడుకోవా?

గాజువాక_గుంటడు
పగలు పడుకుంటే బద్ధకం వస్తుందని మా అమ్మ...

కళాసీ_మనవడు
మా తాత అరుగు నీకు రాసిస్తాను.

పిల్లతల్లి_డంబెల్
పదిన్నరకి పక్కెక్కి 12 దాకా నిద్ర పట్టకపోవడం ఏంటి? నాలుగింటికి లేచినవాడికి తల ఆనితే పట్టాలి. జిమ్‌కి ముందు ఏమైనా తాగుతావా?

గాజువాక_గుంటడు
ఆరున్నరకి ప్రీ వర్కవుట్ ఒక స్కూప్. కోచే ఇచ్చాడు, ఊపు వస్తుందని.

పిల్లతల్లి_డంబెల్
డబ్బా వెనక చూడు. కెఫీన్ ఎంత రాశాడు?

గాజువాక_గుంటడు
స్కూపుకి 300 మిల్లీగ్రాములు.

ముంతమసాలా
నిద్ర పోగొట్టే డబ్బా ఒకటి, నిద్ర తెప్పించే డబ్బా ఇంకోటి. ఒకే కౌంటర్లో. మనకెందుకు రావు గురూ ఇలాంటి ఐడియాలు.

ఎంవీపీ_ఫిజియో
నవ్వాపుకోలేకపోతున్నా. కెఫీన్ సగానికి తగ్గడానికే మామూలుగా సుమారు 5 గంటలు పడుతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. ఆరున్నరకి 300 తాగితే రాత్రి పదకొండున్నరకి కూడా ఒంట్లో 150 ఉన్నట్టే. ఒకటిన్నర గ్లాసు గట్టి కాఫీ తాగి పడుకున్నట్టు. 2013లో వచ్చిన ఒక పరీక్షలో పడుకోడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములిచ్చినా నిద్ర గంటకి పైగా తగ్గింది. తమాషా ఏమిటంటే తాగినవాళ్లకి అంత తగ్గినట్టు తెలియలేదు.

ఏ షిఫ్ట్ వారం ఆ స్కూపు మానెయ్. మధ్యాహ్నం మూడున్నరకి గంటన్నర పడుకో.

లెక్కల_మాస్టారు
గంటన్నర వద్దు, మళ్లీ రాత్రి నిద్ర పట్టదు. అరగంట చాలు.

ఎంవీపీ_ఫిజియో
మామూలు ఉద్యోగికైతే ఒప్పుకుంటా మాస్టారూ. నాలుగు గంటలు పడుకుని 4:15కి లేచినవాడికి అరగంట ఏం సరిపోతుంది? ముందు అప్పు తీరనివ్వండి.

లెక్కల_మాస్టారు
సరే. ఇంకొకటి అడుగుతాను, ఎవరూ కోప్పడొద్దు. గుంటడు, ఆ 60 కిలోలు ఎన్ని సెట్లు, సెట్టుకి ఎన్నిసార్లు, అదే, ఎన్ని రెప్స్?

గాజువాక_గుంటడు
మూడు సెట్లు, పదేసి.

లెక్కల_మాస్టారు
ఐదు నెలలుగానా?

గాజువాక_గుంటడు
ఆ.

లెక్కల_మాస్టారు
మరి దానికి పెరగాల్సిన అవసరం ఏముంది నాయనా? ఒకే ఎక్కం ఐదు నెలలు చదివి, తరువాతి ఎక్కం రావట్లేదంటే ఎలా? 62.5 పెట్టు, ఆరు వస్తే ఆరు చెయ్. ఎనిమిదొచ్చాక మళ్లీ పెంచు. నిద్ర తగ్గడం నిజం. కానీ నీ బెంచ్ ఆగిపోవడానికి సగం కారణం నీ పట్టికే.

గ్రోత్_గణ
అదీ నిజమే గానీ నాలుగు గంటల నిద్రతో 62.5 ఎత్తబోతే మీద పడుతుంది. ఏ షిఫ్ట్ వారం తేలిక బరువులు, బీ షిఫ్ట్ వారం బరువైనవి పెట్టుకోవాలి.

ఎంవీపీ_ఫిజియో
గణా, ఈసారి మీతో పూర్తిగా ఒప్పుకుంటున్నా.

గ్రోత్_గణ
ఈ తేదీ రాసిపెట్టుకోండి ఎవరైనా.

పాత_పహిల్వాన్
సీ షిఫ్టుకి నా సలా ఒకటి. నేనూ పాతికేళ్లు సేసినోణ్ణే. పూర్ణా మార్కెట్లో నల్ల పట్టా అమ్ముతారు, పందిళ్లకి కప్పీది. కిటికీ కొలత పట్టికెళ్లి కోయించుకో. సీలలెట్టి లోపల్నుంచి బిగించీ. గదిలో నీ సెయ్యి నీకు కనపడకూడదు. తెల్లారగట్ల నాలుగింటి టీ కూడా మానీ, రెండింటికే తాగీ.

గాజువాక_గుంటడు
ఆరు వారాల తర్వాత వచ్చాను. రెండు డబ్బాలూ కొనలేదు, ఉన్న ప్రీ వర్కవుట్ బీ షిఫ్ట్ వారం పొద్దున మాత్రమే. ఏ షిఫ్ట్ వారం మధ్యాహ్నం గంటా పది నిమిషాలు పడుకుంటున్నా (ఇద్దరి మాటా మధ్యలో తెంచాను), రాత్రి పదకొండు లోపు పట్టేస్తోంది. మొత్తం ఆరుంపావు గంటలు దాటుతోంది. బెంచ్ 65, ఏడు రెప్స్. నిద్ర వల్లా, మాస్టారి ఎక్కం వల్లా అంటే నాకూ తెలీదు. రెండూ ఒకేసారి మార్చేశాను.

నల్ల పట్టా బిగించాను. మా ఆవిడ గది చూసి "ఇందులో పెళ్లి ఫొటోలు కడుగుతావా" అంది. ఒక మూల సన్నగా వెలుతురు గీత వస్తుంటే పాత క్యాలెండర్ అట్ట అడ్డం పెట్టాను. సీ షిఫ్ట్‌లో ఇప్పుడు ఏకబిగిన ఆరు గంటలు.

లెక్కల_మాస్టారు
రెండూ ఒకేసారి మార్చకూడదు. ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

పిల్లతల్లి_డంబెల్
మాస్టారూ, పిల్లాడు ఫస్ట్ క్లాసులో పాసైతే కూడా చేతిరాత బాలేదంటారేమో మీరు.

కళాసీ_మనవడు
మరి ఆ "చేపలో" కేక?

గాజువాక_గుంటడు
మా ఆవిడ మాట్లాడింది. ఇప్పుడు చేపలావిడ మా గుమ్మం ముందు అరవదు, మిస్డ్ కాల్ ఇస్తుంది. సీ షిఫ్ట్ ఏ వారమో ఆవిడకీ గుర్తే.

ముంతమసాలా
గురూ, ఆవిడ నంబరుంటే పంపు. ఆదివారం వంజరం కావాలి.

గాజువాక_గుంటడు
పంపుతా. మధ్యాహ్నం మాత్రం చెయ్యకు, పడుకుంటుంది. తెల్లారి మూడింటికే హార్బర్‌కి వెళ్లాలి.